దేనితో పోలిస్తే? బందరు కలెక్టరు లెక్క నుంచి మా ఆరో తరగతి దాకా

మొవ్వ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ్టి ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట మా ఆరో తరగతిలో వెనకబడిన పిల్లలకి సాయంత్రం ఒక గంట స్పెషల్ క్లాసు పెట్టాను. జూన్‌లో ఒక పరీక్ష పెట్టాను, సెప్టెంబరులో అలాంటిదే ఇంకో పరీక్ష పెట్టాను. మార్కులు బాగా పెరిగాయి. నాకు ఒకటే సంబరం. చార్టు మీద రంగు పెన్నులతో గీతలు గీసి, స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో గోడకి తగిలించి మరీ చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న ఒక టీచరు గారు మాత్రం మెల్లగా అడిగారు. "మాస్టారూ, మీ స్పెషల్ క్లాసుకి రాని పిల్లలకి ఎంత పెరిగాయండీ?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆ లెక్కే చూడలేదు.

ఆ రాత్రి ఇంటికెళ్లి మార్కుల రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. స్పెషల్ క్లాసుకి రాని పిల్లలకి కూడా ఇంచుమించు అంతే పెరిగాయి! కారణం చాలా మామూలుది. వేసవి సెలవుల్లో పిల్లలు మర్చిపోతారు. అందుకే జూన్‌లో మార్కులు తక్కువ వస్తాయి. మూడు నెలలు బడికొస్తే అందరికీ మళ్లీ గుర్తొస్తుంది. నేను చార్టు మీద గీసిన గొప్పలో నా గొప్ప ఎంతో, మామూలుగా జరిగే మార్పు ఎంతో నాకే తెలీదు.

ఆ టీచరు గారు అడిగింది రెండే ముక్కలు. దేనితో పోలిస్తే? ఈ రెండు ముక్కలు పట్టుకుని ఇవాళ రెండొందల ఏళ్లు వెనక్కి వెళ్లి వద్దాం. ఎందుకంటే మన పిల్లల చదువు మీద లెక్కలు తీయడం నిన్నా మొన్నా మొదలవలేదు. మన బందరులోనే 1823లో తీశారు.

అప్పటికి కృష్ణా జిల్లా అనేది లేదు. అది 1859లో వచ్చింది. అంతకు ముందు మచిలీపట్నం, అంటే మన బందరు, ఒక కలెక్టరేటు. మద్రాసు గవర్నరుగా థామస్ మన్రో ఉన్నాడు. రాయలసీమలో ఇప్పటికీ పేరు వినపడే మన్రోనే. ఆయన 1822 జూన్‌లో ఒక ఉత్తర్వు రాశాడు. ఈ దేశంలో చదువు పడిపోయిందని కొందరు, బాగానే ఉందని కొందరు నోటికొచ్చినట్టు చెబుతున్నారు గానీ, అసలు ఎన్ని బడులున్నాయో ఎంతమంది చదువుతున్నారో ఎవరి దగ్గరా లెక్క లేదు, కాబట్టి ప్రతి కలెక్టరూ లెక్క తీసి పంపాలి. అదీ దాని సారాంశం.

అభిప్రాయాలు కాదు, లెక్క కావాలి అన్న ఆ ఆలోచన గొప్పదే. కలెక్టర్లకి ఒక ఫారం పంపారు. అందులో బడులెన్ని, బ్రాహ్మణులెంతమంది, వైశ్యులెంతమంది, శూద్రులెంతమంది, ఇతర కులాల వాళ్లెంతమంది, ముస్లింలెంతమంది, మగపిల్లలెంత, ఆడపిల్లలెంత అని గళ్లు ఉన్నాయి. 1823 జనవరిలో బందరు కలెక్టరు తన జిల్లా లెక్క పంపించాడు. మిగతా జిల్లాల నుంచి కూడా ఒక్కొక్కటీ వచ్చాయి. అన్నీ కూడేసరికి 1826 అయింది. కోటీ 28 లక్షల 50 వేల చిల్లర జనాభాకి 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది పిల్లలు తేలారు.

ఇక్కడ మన్రో ఒక మంచి పని చేశాడు. ఆ అంకెని ఉన్నదున్నట్టు మింగెయ్యలేదు. ఈ లెక్క ప్రకారం జనాభాలో 67 మందికి ఒకరు చదువుతున్నట్టు. కానీ ఆడవాళ్లకి బడి దాదాపు లేదు కాబట్టి వాళ్లని పక్కన పెట్టాలి, బడి వయసు మగపిల్లలనే చూడాలి, ఇంటి దగ్గర చదువుకునేవాళ్లని ఫారం పట్టుకోలేదు కాబట్టి వాళ్లని కలపాలి అన్నాడు. అలా చూస్తే మగపిల్లల్లో దాదాపు మూడో వంతు మంది ఏదో ఒక చదువు చదువుతున్నట్టే అని అంచనా వేశాడు. దేనితో పోల్చాలి, ఎవరిని కలపాలి అన్నది మారేసరికి 67లో ఒకటి కాస్తా మూడులో ఒకటి అయింది.

ఈ కథ ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. కొందరు మూడో వంతు ముక్క ఒక్కటే పట్టుకుని "అప్పట్లో అందరూ చదువుకున్నారు" అంటారు. ఇంకొందరు 67 ముక్క ఒక్కటే పట్టుకుని "ఎవరూ చదువుకోలేదు" అంటారు. ఇద్దరూ ఆడపిల్లల గడి దగ్గర ఆగరు. తెలుగు జిల్లాల్లో ఆ గడి దాదాపు ఖాళీ.

సరే, ఆ ఫారంలో లేని ప్రశ్న ఒకటి ఉంది. ఆ పిల్లలకి చదవడం వచ్చా? గళ్లలో తలకాయల లెక్క ఉంది గానీ చదువు లెక్క లేదు. దాన్ని ఒక కలెక్టరు కొంచెం పట్టుకున్నాడు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్. తెలుగు, కన్నడ రెండూ నడిచే జిల్లా అది. 1823 ఆగస్టులో ఆయన రాసిన రిపోర్టులో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క ఉంది. ఆయన అక్కడితో ఆగలేదు, బడిలోకి తొంగి చూశాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. ముందున్న పిల్లలు వెనకున్న వాళ్లకి నేర్పుతున్నారు. ఖర్చు తక్కువ, పని ఎక్కువ, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబే అని మెచ్చుకున్నాడు.

ఇంగ్లండు సంగతి ఆయన ఊరికే అనలేదు. ఆండ్రూ బెల్ అని ఒక స్కాట్లండ్ పాదిరి, 1789 నుంచి మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి చూసేవాడు. మన వీధి బడిలో ఇసుకలో అక్షరాలు దిద్దే పిల్లల్ని చూసి ఆ పద్ధతి తన బడిలో పెట్టాడు. పిల్లల చేత పిల్లలకి పాఠాలు చెప్పించాడు. 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. దాని పేరే 'విద్యలో ఒక ప్రయోగం'. దాన్ని మద్రాసు పద్ధతి అని పిలిచి ఇంగ్లండు అంతా వాడారు. మన అరుగు మీద పుట్టిన పద్ధతి ఓడెక్కి అక్కడికి పోయింది. అయితే ఒక్క మాట. పేరు ప్రయోగమే గానీ, ఆ పద్ధతి లేని ఇంకో బడితో సరిసమానంగా పోల్చి చూసిన ప్రయోగం కాదు అది. అంటే బెల్ దొర కూడా నాలాగే చార్టు గీశాడన్నమాట.

క్యాంప్‌బెల్ ఇంకో మాట కూడా రాశాడు. అది చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను. పిల్లలు బట్టీ పట్టే పద్యాల భాష వేరు, వాళ్లు మాట్లాడే భాష వేరు, గడగడా అప్పజెబుతారు గానీ అర్థం తెలీదు. ఇదీ ఆయన చూసింది. రెండొందల ఏళ్ల కిందటి మాట. నా క్లాసులో మూడో బెంచీలో కూర్చునే పిల్లవాడే గుర్తొచ్చాడు. వాడి దగ్గరికి మళ్లీ వస్తాను.

మన్రో లెక్క ఏమైంది? ప్రతి కలెక్టరేటులో రెండు పెద్ద బడులు, ప్రతి తహసీలుకీ ఒక బడి పెట్టి, మంచి ఉపాధ్యాయుల్ని తయారు చేద్దామన్నాడు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. బడులు కొన్ని పెట్టారు, కొన్నేళ్లకే అవి పోయాయి. 1835 తర్వాత ప్రభుత్వ డబ్బు ఇంగ్లీషు చదువు వైపు తిరిగింది. బందరు నుంచి వెళ్లిన రిపోర్టు మద్రాసులో దస్త్రంలో ఉండిపోయింది. ఏ వీధి బడి పంతులుకీ "నీ ఊళ్లో తీసిన లెక్క ఇదీ, దీనివల్ల రేపట్నుంచి ఇది మార్చు" అని ఎవరూ తిరిగి చెప్పలేదు.

ఇప్పుడు ఒక్క గెంతు వేసి 2005కి వద్దాం. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఒకటే రాష్ట్రం. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడు ప్రాంతాల నుంచి ఐదు జిల్లాలు తీసుకున్నారు. 50 మండలాలు, మండలానికి 10 చొప్పున 500 ప్రభుత్వ ప్రాథమిక బడులు. ఆ బడుల్ని చీటీలు తీసినట్టు ఐదు జట్లు చేశారు.

ఒక జట్టులో పిల్లల మార్కులు పెరిగితే బడిలో టీచర్లందరికీ కలిపి బోనస్. రెండో జట్టులో ఏ టీచరుకి ఆ టీచరుకే బోనస్. మూడో జట్టులో బడికి ఒక అదనపు కాంట్రాక్టు టీచరు. నాలుగో జట్టులో సామాన్లు కొనుక్కోడానికి గ్రాంటు. ఐదో జట్టుకి ఇవేవీ లేవు. ఆ ఐదో జట్టే మా టీచరు గారు నన్నడిగిన ప్రశ్నకి జవాబు. చీటీ తీయడం ఎందుకంటారా? మంచి బడులనే ఏరుకుని బోనస్ ఇస్తే, రేపు మార్కులు పెరిగినప్పుడు అది బోనస్ వల్లో, బడి ముందే మంచిది కావడం వల్లో చెప్పలేం. చీటీకి పక్షపాతం ఉండదు.

మొదటి ఏడాది బోనస్ లెక్క ఇది. సగటు మార్కులు 5 శాతం కంటే పైన పెరిగితే, ఆ పైన ప్రతి శాతానికీ 500 రూపాయలు. పది శాతం పెరిగితే 2,500. పెద్ద డబ్బేం కాదు. రెండేళ్ల తర్వాత చూస్తే, బోనస్ బడుల పిల్లలు ఏమీ ఇవ్వని బడుల పిల్లల కంటే లెక్కల్లో, తెలుగులో ముందున్నారు. ఎంత ముందు? వంద మంది పిల్లల్ని మార్కుల వరసలో నిలబెట్టారనుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు లెక్కల్లో ఇంచుమించు పది మందిని దాటి ముందుకెళ్లాడు. తెలుగులో దాటింది అంతకంటే కొంచెం తక్కువ. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా కొంత పెరిగింది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది వేరే. బోనస్ బడుల్లో టీచర్ల హాజరు ఏమీ పెరగలేదు! వచ్చిన రోజు ఏం చేశారన్నదే మారింది. ఎక్కువ హోంవర్క్, అదనపు క్లాసులు, ప్రాక్టీసు పరీక్షలు, వెనకబడిన పిల్లల మీద శ్రద్ధ. టీచర్లే ఆ మాట చెప్పారు.

గ్రాంటు కథ ఇంకో తమాషా. మొదటి ఏడాది గ్రాంటు అనుకోకుండా వచ్చింది, మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని ఇళ్లలో ముందే తెలుసు. బడిలో నోటుబుక్కులు ఇస్తారు కదా అని తల్లిదండ్రులు తమ ఖర్చు దాదాపు ఆ మేరకు తగ్గించుకున్నారు. మార్కుల్లో తేడా కనపడలేదు. వాళ్లని తప్పుపట్టలేం. కూలి డబ్బుతో ఇల్లు నడిపేవాళ్లు ఎవరైనా అదే చేస్తారు. కానీ లెక్క మొదటి ఏడాదితో ఆపేసి ఉంటే, గ్రాంటు ఇస్తే చాలు మార్కులు పెరుగుతాయి అనే రాసుకునేవాళ్లం.

ఇక మూడోది. ఇది నాలాంటి టీచర్లందరూ వినాల్సింది. కొన్ని బడుల్లో పిల్లలకి పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా రిపోర్టు రాసి టీచర్లకి ఇచ్చారు. మధ్యమధ్యలో వచ్చి క్లాసు చూసి వెళ్లారు. చూడ్డానికి వచ్చినప్పుడు టీచర్లు చురుగ్గా పాఠం చెప్పారు. పిల్లల చదువులో మాత్రం తేడా రాలేదు. రిపోర్టు ఇవ్వని బడులతో సమానంగానే ఉన్నారు.

కొంచెం ఆలోచించండి. 1823లో రిపోర్టు పైకి వెళ్లింది, కిందికి రాలేదు. ఇక్కడ కిందికి కూడా వచ్చింది, టీచరు చేతిలో పెట్టారు. అయినా ఏమీ మారలేదు. కాగితం దానంతట అది పాఠం చెప్పదు. అది చదివిన మనిషి రేపు పొద్దున వేరే పని చేస్తేనే దానికి విలువ.

మరి బోనస్ పెట్టేద్దామా అంటే, నేను వెంటనే అవునని అనను. తర్వాత ఐదేళ్ల దాకా చూసినా, ఎవరి బోనస్ వాళ్లకి ఇచ్చిన బడుల్లో ఫలితం బలంగానే ఉంది. అది నిజం, కాదనను. రాష్ట్రం మాత్రం దాన్ని అందరికీ పెట్టలేదు. మార్కులకి డబ్బు కడితే మార్కుల కోసమే చెబుతారన్న భయం టీచర్లలో చాలామందికి ఉంది, నాకూ ఉంది. పరిశోధన తన ప్రశ్నకి జవాబు చెబుతుంది. ఏం చెయ్యాలన్నది మనం తేల్చుకోవాలి. కానీ నచ్చలేదు కాబట్టి అది అబద్ధం అనడం మాత్రం మర్యాద కాదు.

ఇప్పుడు మూడో బెంచీ పిల్లవాడి దగ్గరికి వద్దాం. పేరు చెప్పను. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దింపేస్తాడు. ప్రశ్నకి జవాబు బట్టీ పట్టి రాస్తాడు. మార్కులు మరీ తక్కువేం కాదు. నేను వాణ్ని వెనకబడిన వాళ్లలో ఎప్పుడూ లెక్కెయ్యలేదు.

ఒకరోజు వాళ్ల నాన్న బడికొచ్చాడు. కౌలు రైతు. చేతిలో అప్పు తాలూకు కాగితం ఒకటి ఉంది. "మాస్టారండీ, ఈ కాగితంలో ఏముందో కొంచెం చెప్పండి. మావోడు ఆరో తరగతి కదా అని వాడి చేతికిచ్చానండి. అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు గానీ చదవలేకపోతున్నాడండి" అన్నాడు. కోపంగా అనలేదు. మొహమాటపడుతూ అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాడు ఒక పేజీ తయారు చేశాను. ఇది నా కల్పన కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి అసర్ అనే సర్వేలో వాడేదే. పైన అక్షరాలు, తర్వాత చిన్న మాటలు, తర్వాత ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, తర్వాత రెండో తరగతి స్థాయి చిన్న కథ. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. మనిషికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మా వాడు మాటల దగ్గర ఆగిపోయాడు. వాడొక్కడే కాదు, ఇంకా ఉన్నారు. అందులో నా స్పెషల్ క్లాసుకి వచ్చిన పిల్లలూ ఉన్నారు. నేను రోజూ సాయంత్రం వాళ్లకి చెప్పింది ఆరో తరగతి పాఠమే. వాళ్లకి కావాల్సింది రెండో తరగతి చదువు.

మొవ్వ పక్కనే కూచిపూడి. అక్కడ గురువు గారు పిల్లకి పన్నెండేళ్లు వచ్చాయి కదా అని పన్నెండేళ్ల పిల్లలు చేసే నృత్యం నేర్పరు. ముందు అడుగు కుదరాలి. కుదిరాకే తర్వాతది. వయసుని బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి. ముంబై, వడోదర బడుల్లో 2001 నుంచి జరిగిన ప్రయోగాలు ఈ తోవలోనే నడిచాయి. వెనకబడిన పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి వాళ్లకి రాని పునాది నేర్పితే మార్కులు పెరిగాయి. అలాంటి ప్రయోగాలు చేసినందుకే అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకి 2019లో నోబెల్ వచ్చింది. మా ఊరి పక్క నాట్యం బడిలో రోజూ చూసేదాన్ని నా క్లాసులో చూడ్డానికి నాకు అంత దూరం తిరిగి రావాల్సొచ్చింది.

ఈసారి చార్టు గీయాలంటే భయమేసింది. అందుకని చీటీలు వేశాను. చదవలేని పిల్లల్ని రెండు జట్లు చేశాను. మొదటి జట్టుకి వెంటనే చదువు క్లాసు, రెండో జట్టుకి మూడు నెలల తర్వాత. ఎవరికీ లేకుండా పోదు, ముందూ వెనకా అంతే. ఈ మధ్యలో ఇద్దరినీ పోల్చుకోవచ్చు. చీటీ తీస్తే మా వాడి పేరు రెండో జట్టులో పడింది.

వాడు అడిగాడు. "సార్, నేనెప్పుడు రావాలి?"

నేను ఆగలేకపోయాను. మొదటి జట్టులో కూర్చోమన్నాను. అది ప్రయోగం నియమం ప్రకారం తప్పే. అందుకని లెక్క వేసినప్పుడు వాడి మార్కులు ఏ జట్టులోనూ కలపలేదు. ఆ 500 బడుల్లో ఏమీ అందని జట్టు పిల్లలు కూడా ఇలాంటి వాళ్లే కదా అని ఆ రోజు మొదటిసారి తట్టింది. మనం ఇవాళ ధైర్యంగా ఒక అంకె చెబుతున్నామంటే, ఎక్కడో ఎవరో పిల్లలు ఎదురుచూడబట్టే. ఆ అంకెని వాడకుండా అల్మరాలో పెట్టేస్తే వాళ్లు ఎదురుచూసింది వృథా.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను. మూడు నెలలకి చదవడంలో మొదటి జట్టు స్పష్టంగా ముందుంది. లెక్కల్లో తేడా ఏమీ రాలేదు. పిల్లలు కొద్దిమందే, కాబట్టి దీన్ని పరిశోధన అనను. ఇంకో జాగ్రత్త కూడా నేర్చుకున్నాను. మా వైపు వరి కోశాక మినుములు వేస్తారు. అవి పీకే రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లంతా పొలంలో ఉంటారు, పిల్లలు బడి మానేస్తారు. అప్పుడు పరీక్ష పెట్టి మార్కులు తగ్గాయంటే అది నా పాఠం తప్పు కాదు, మినప చేను ఒప్పూ కాదు. ఏ నెలతో ఏ నెలని పోలుస్తున్నామో చూసుకోవాలి.

మా వాడు ఇంకా తడబడతాడు. కానీ ఆ ఏడాది చివర్లో వాళ్ల నాన్నకి వచ్చిన ఇంకో కాగితం వాడే చదివాడట. రెండు మాటల దగ్గర ఆగి, వాటిని పెన్సిల్‌తో చుట్టి తెచ్చి నన్ను అడిగాడు. ఆ కాగితం మీద రెండు పెన్సిల్ సున్నాలు. అవి ఏ చార్టులోనూ ఎక్కవు.

ఫోన్లో ఎవరైనా "పరిశోధనలో తేలింది" అని పంపితే వెంటనే నమ్మొద్దు, వెంటనే కొట్టిపారెయ్యొద్దు. మూడు ప్రశ్నలు అడగండి. దేనితో పోల్చారు? ఏం కొలిచారు, ఏం కొలవలేదు? అది నిజమైతే రేపు పొద్దున నేను ఏం మార్చాలి? మూడోదానికి జవాబు లేకపోతే, అది బందరు నుంచి మద్రాసు వెళ్లిన రిపోర్టు లాగా దస్త్రంలో పడి ఉంటుంది.

ఆ రోజు వెనక కూర్చుని నన్ను అడిగిన టీచరు గారికి నేను ఇంతవరకూ థాంక్స్ చెప్పలేదు. ఈ ఎపిసోడ్ ఆవిడ చూస్తారనుకుంటున్నాను. థాంక్సండీ టీచరు గారూ.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.